సరిహద్దు తెరిచాక మిగిలినవి: యూరైల్ పాసుతో పదిహేను రోజులు

రెండు నెలల గడువులో ఏవైనా 15 రోజులు రైలు ప్రయాణం చేసుకోవడానికి వీలిచ్చే యూరైల్ గ్లోబల్ పాసును, రెండో తరగతిలో, ఈ ఏడాది కొన్నాను. ఈ పాసు గురించి ఎవరిని అడిగినా ఎన్ని రాజధానులు చుట్టి రావచ్చో, విడివిడి టికెట్ల మీద ఎంత మిగులుతుందో చెబుతారు. నా అవసరం వేరు. సరిహద్దులు తెరిస్తే ప్రాంతాల మధ్య తేడాలు చెరిగిపోతాయని, వేర్వేరు భాషలూ అలవాట్లూ నిలవాలంటే గేటూ కాపలా ఉండి తీరాలని వాదించేవారిని చాలాకాలంగా వింటున్నాను. ఆ మాట నిజమో కాదో తేల్చుకోవడానికి, గేట్లు ఎత్తేసి దాదాపు ఒక తరం గడిచిన నేల కంటే మంచి చోటు ఉండదనిపించింది. అందుకే పారిస్, రోమ్ వంటి నగరాలను వదిలి, సరిహద్దులు దాటే చిన్న రైలు మార్గాలనే ఎంచుకున్నాను. ఒక ప్రయాణ సాధనంగా ఈ పాసు ఎలా పనిచేసిందో, దాన్ని పట్టుకుని వెళ్ళిన చోట నాకు ఏం కనిపించిందో రెండూ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

పాసు సంగతులు ముందు చెప్పాలి. యూరైల్ 1959లో మొదలైంది. యూరప్‌లో నివసించేవారికి ఉద్దేశించిన ఇంటర్‌రైల్ 1972లో వచ్చింది. మనవంటి బయటి దేశాలవారు కొనవలసింది యూరైల్. ఇప్పుడు ఇది 33 దేశాల్లో చెల్లుతుంది. 28 ఏళ్ళ లోపువారికి, 60 నిండినవారికి ధర తగ్గుతుంది. పాసు ఫోనులోని యాప్‌లోనే ఉంటుంది. ఏ రోజున ప్రయాణిస్తామో ఆ రోజును తెరిచి, ఎక్కబోయే రైళ్ళను అందులో చేర్చుకుంటే, టికెట్ తనిఖీకి వచ్చినవారికి చూపించే కోడ్ వస్తుంది. అర్ధరాత్రికి ముందు బయలుదేరే రాత్రి రైలుకు, మధ్యలో బండి మారకపోతే, బయలుదేరిన రోజు ఒక్కటే ఖర్చవుతుంది. ఇవన్నీ రెండు రోజుల్లో చేతికి అలవాటవుతాయి.

వీసా దగ్గర మాత్రం చాలామంది పొరబడతారు. పాసు చెల్లే 33 దేశాలూ షెంగెన్ దేశాలూ ఒకటి కావు. తమ మధ్య సరిహద్దు తనిఖీలు ఎత్తేసుకున్న దేశాల సముదాయమైన షెంగెన్ ప్రాంతంలో ఇప్పుడు 29 దేశాలున్నాయి. వాటిలో 25 యూరోపియన్ యూనియన్ సభ్యదేశాలు కాగా, ఐస్‌లాండ్, నార్వే, స్విట్జర్లాండ్, లీక్టెన్‌స్టైన్ యూనియన్ బయటివి. క్రొయేషియా 2023 జనవరిలో చేరింది, రుమేనియా, బల్గేరియాలు భూమార్గంలో కూడా 2025 జనవరి 1న పూర్తిగా చేరాయి. బ్రిటన్, ఐర్లాండ్, సెర్బియా, టర్కీ వంటివి పాసులో ఉన్నా షెంగెన్‌లో లేవు కాబట్టి వాటి ప్రవేశ నిబంధనలను విడిగా చూసుకోవాలి. భారతీయ పాస్‌పోర్టు ఉన్నవారికి షెంగెన్ వీసా రుసుము 90 యూరోలు, ఉండగలిగేది ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులు. లోపల గేట్లు లేని ఈ నేలకు బయటి గోడ చాలా గట్టిదన్న సంగతి, ఇల్లు కదలకముందే, వీసా కాగితాలు సర్దుకునేటప్పుడే తెలిసిపోతుంది.

మొదటి రోజును, ఆ ప్రాంతానికి పేరిచ్చిన షెంగెన్ అనే ఊరి కోసం కేటాయించాను. ఆ ఊరికి రైలు స్టేషను లేదు. జర్మనీలోని ట్రియర్ నుంచి చిన్న రైలెక్కి పెర్ల్ అనే స్టేషనులో దిగి, మోజెల్ నది మీది వంతెన నడిచి దాటితే లక్సెంబర్గ్ వైపు షెంగెన్ వస్తుంది. నది పొడవునా కాస్త ఎగువకు నడిస్తే ఫ్రాన్సు. మూడు దేశాలు కలిసే ఆ చోట, 1985 జూన్ 14న, ప్రిన్సెస్ మారీ ఆస్ట్రిడ్ అనే నౌక మీద కూర్చుని బెల్జియం, ఫ్రాన్సు, పశ్చిమ జర్మనీ, లక్సెంబర్గ్, నెదర్లాండ్స్ ప్రతినిధులు ఒప్పందం మీద సంతకాలు చేశారు. తనిఖీలు నిజంగా ఆగిపోవడానికి మరో పదేళ్ళు పట్టింది, 1995 మార్చి 26న అది అమలులోకి వచ్చింది. వంతెన మీద నన్ను ఆపినవారు లేరు, అడిగినవారు లేరు. నీళ్ళకు ఆవలి ఒడ్డున ద్రాక్ష తోటలు, ఈవలి ఒడ్డున ద్రాక్ష తోటలు. కొండవాలు మీద తీగలు పాకించిన వరుసలు చూస్తే ఏది ఏ దేశమో చెప్పడం కష్టం. వంతెన దిగి ఊళ్ళోకి అడుగుపెట్టాక వీధి బోర్డులు చదివితే, ఎవరైనా నోరు విప్పితే, అప్పుడు తెలుస్తుంది.

అక్కడ నన్ను ఆలోచనలో పడవేసిన విషయం ఒప్పందం కాదు, దానికి ముందటి ఏడాది జరిగినది. 1984 ఫిబ్రవరి 24న లక్సెంబర్గ్ ఒక చట్టం చేసి, అప్పటిదాకా ఇంటా వీధిలోనే వినిపించిన లక్సెంబర్గిష్‌ను తమ జాతీయ భాషగా ప్రకటించుకుంది. చట్టాలు ఫ్రెంచిలో రాసుకుంటూ, పిల్లలకు చదువు జర్మన్‌లో మొదలుపెడుతూ వచ్చిన దేశం అది. తన పొలిమేరలన్నీ తెరవబోయే ముందు, తనది అనదగిన మాటకు చట్టంలో చోటు ఏర్పరచుకుంది. ఈ రెండింటినీ ఎవరైనా ముందే ఆలోచించి జోడించారని నేను అనను. అయినా ఆ వరుస నాకు చాలా అర్థవంతంగా కనిపించింది. ఈ రోజున ఆ దేశంలోకి పొరుగునున్న మూడు దేశాల నుంచి రోజూ రెండు లక్షల పైచిలుకు మంది పనికి వచ్చి వెళుతుంటారు, నివాసుల్లో దాదాపు సగం మంది విదేశీ పౌరులు. ఇంత రాకపోకల మధ్య ఆ చిన్న భాష పలచబడలేదని నేను చెప్పలేను, దుకాణాల్లో వినిపించేది ఎక్కువగా ఫ్రెంచే. కానీ 2023లో అమలులోకి వచ్చిన సవరించిన రాజ్యాంగంలో కూడా లక్సెంబర్గ్ భాష లక్సెంబర్గిష్ అని రాసుకున్నారు.

పాసు వాడేవారికి ఇక్కడొక సలహా. లక్సెంబర్గ్‌లో 2020 ఫిబ్రవరి 29 నుంచి బస్సు, ట్రాం, రెండో తరగతి రైలు ప్రయాణం అందరికీ ఉచితం. ఆ దేశం లోపల తిరగడానికి పాసులో ఒక రోజు తెరవడం వృథా.

బెల్జియంలో దేశ సరిహద్దు కాక, దేశం లోపలే గీసుకున్న భాషా సరిహద్దు ఉంది. 1962-63 చట్టాలతో అది స్థిరపడింది. బ్రస్సెల్స్‌లో రైలెక్కినప్పుడు ప్రకటనలు ఫ్రెంచిలోనూ డచ్చిలోనూ వినిపిస్తాయి. రైలు ఫ్లాండర్స్‌లోకి ప్రవేశించగానే డచ్చి ఒక్కటే మిగులుతుంది. లీయేజ్ దగ్గరపడేసరికి ఫ్రెంచి ఒక్కటే. నేను ఎక్కింది లూవెన్ మీదుగా వెళ్ళే రైలు. స్టేషను బోర్డు మీద లౌక్ అని ఉంటే అది నా రైలు కాదనుకుని పక్కకు తప్పుకున్నాను. డచ్చిలో లీయేజ్‌కు ఆ పేరేనని పక్కన నిలబడిన పెద్దావిడ చెప్పకపోతే రైలు తప్పిపోయేది. అలాగే మోన్స్‌కు బెర్గెన్, ఫ్రాన్సులోని లిల్‌కు రైసెల్ అని రాస్తారు, పాసుతో వెళ్ళేవారు ఈ జంట పేర్లు రాసి దగ్గర పెట్టుకోవాలి. ఈ ఏర్పాటులో భాష భద్రంగా ఉన్నమాట నిజం. అయితే 2024 చివరలో ఒక రైలు ఉద్యోగి ఫ్లాండర్స్ గడ్డ మీద రెండు భాషల్లోనూ శుభోదయం చెప్పినందుకు ఒక ప్రయాణికుడు ఫిర్యాదు చేశాడు. పలకరింపు మీద కూడా ఫిర్యాదు వచ్చేంతగా గీత బిగుసుకుపోతే, అది భాషకు రక్షణ అని ఒప్పుకోవడానికి నాకు మనసు రాలేదు.

స్విట్జర్లాండ్‌లో ఇదే పని సౌమ్యంగా జరుగుతుంది. బెర్న్ నుంచి లోజాన్ వెళ్ళే రైల్లో మొదట జర్మన్‌లో వినిపించిన ప్రకటన ఫ్రిబూర్ దాటేసరికి ఫ్రెంచిలో మొదలవుతుంది, ప్రయాణికులెవరూ తల ఎత్తరు. ఏ ప్రాంతంలో స్థిరపడినవారి పిల్లలైనా ఆ ప్రాంతపు భాషలో బడికి వెళ్ళాలన్నది అక్కడి పద్ధతి. జనం ఎటైనా కదలవచ్చు, బడి భాష కదలదు.

నా పదిహేను రోజుల్లో నాలుగు, ఇటలీ ఉత్తర కొసనున్న దక్షిణ టిరోల్‌కే వెచ్చించాను, ఇంకా రెండు ఉంటే బాగుండేదనిపించింది. ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్ నుంచి బయలుదేరిన రైలు కొండ ఎక్కుతూ 1,371 మీటర్ల ఎత్తున బ్రెన్నర్ స్టేషనులో ఆగింది. ఆస్ట్రియాకూ ఇటలీకీ మధ్య కనుమ అది. 1998 ఏప్రిల్ 1న ఇక్కడ సరిహద్దు తనిఖీలు ఎత్తేశారు. స్టేషను మాత్రం ఇప్పటికీ ఆ ఊరికి మించిన పరిమాణంలో, పొడవైన ప్లాట్‌ఫారాలతో, ఖాళీ గదులతో నిలబడి ఉంది. కస్టమ్స్ ఉద్యోగులూ డబ్బు మార్చేవారూ రాత్రీపగలూ పనిచేసిన చోట ఇప్పుడు ప్రయాణికులు పది నిమిషాలు కాళ్ళు చాపుకుని తరువాతి బండి కోసం ఎదురుచూస్తున్నారు. సరిహద్దు తెరవడం వల్ల నష్టపోయినవి ఏవైనా ఉంటే, ముందు చెప్పుకోవలసినది ఇటువంటి ఊళ్ళ జీవనోపాధినే. కొండ కింద 55 కిలోమీటర్ల సొరంగం తవ్వుతున్నారు, అది పూర్తయితే చాలా రైళ్ళు ఈ ఊరి ముఖం కూడా చూడవు.

ఇక్కడ గేటు లేకపోయినా ఒకటి మారుతుంది, అది కరెంటు. ఆస్ట్రియా రైలు తీగల్లో 15,000 వోల్టుల ఏసీ, ఇటలీ తీగల్లో 3,000 వోల్టుల డీసీ. రెండింటినీ తట్టుకునే ఇంజన్లు వచ్చినా, చాలా ప్రాంతీయ రైళ్ళు ఇప్పటికీ బ్రెన్నర్‌లోనే ఆగిపోతాయి, అవతలి బండి అందుకోవాలి. బండి మారి దక్షిణానికి దిగుతుంటే, దేశం మారినా మాట మారకపోవడం నాకు వింతగా తోచింది. ఇటలీలోకి వచ్చి గంట గడిచినా పెట్టెలో వినిపిస్తున్నది జర్మన్‌లోని టిరోల్ యాసే. స్టేషను బోర్డుల మీద రెండేసి పేర్లున్నాయి. బోల్జానో అన్నా బోట్సెన్ అన్నా ఒకే ఊరు. లాడిన్ అనే చిన్న భాష మాట్లాడే, రైలు వెళ్ళని లోయల్లోకి బస్సు పట్టుకుని వెళితే బోర్డు మీద మూడో పేరు కూడా కనిపిస్తుంది. ఓర్టిజేయి, సాంక్ట్ ఉల్రిచ్, ఊర్తిజేయి అని మూడు వరుసల్లో రాసిన పలక కింద నిలబడి, ఆ మూడూ ఒకే ఊరని నిర్ధారించుకోవడానికి డ్రైవరును అడగవలసి వచ్చింది.

ఈ ప్రాంతం కథ తెలియకపోతే ఆ బోర్డులు పర్యాటకుల ముచ్చట కోసం పెట్టారనిపిస్తుంది. మొదటి ప్రపంచయుద్ధం దాకా ఇది ఆస్ట్రియాది. 1919 నాటి సాఁ జెర్మాఁ ఒప్పందంతో ఇటలీకి వచ్చింది. 1923 నుంచి ముస్సోలినీ ప్రభుత్వం బడుల్లో జర్మన్‌ను తీసేసింది, ఊర్ల పేర్లు మార్చింది. పిల్లలకు సొంత భాష నేర్పడానికి ఇళ్ళలోనూ కొట్టాల్లోనూ రహస్యంగా బడులు నడిపారు, వాటికి నేలమాళిగ బడులని పేరు. 1939లో హిట్లర్, ముస్సోలినీ కలిసి అక్కడివారి ముందు రెండే దారులు పెట్టారు. భాష కావాలనుకుంటే ఊరు వదిలి జర్మన్ రాజ్యానికి వెళ్ళాలి, ఊరు కావాలనుకుంటే భాష వదులుకోవాలి. అత్యధికులు వెళ్ళడానికే మొగ్గారు, డెబ్బై వేల మందికి పైగా నిజంగానే వెళ్ళిపోయారు. ఇదంతా జరిగినప్పుడు బ్రెన్నర్‌లో గేటు ఉంది, సైనికులున్నారు, ముద్రలు వేసేవారున్నారు. ఆ కాపలా అక్కడి భాషను కాపాడలేదు సరికదా, దాన్ని తుడిచేయాలనుకున్నవారికి పనిని తేలిక చేసింది. సరిహద్దు మూస్తే తేడాలు నిలుస్తాయన్న వాదానికి ఇంతకంటే గట్టి జవాబు నాకు ఎక్కడా కనిపించలేదు.

తరువాత మార్పు వచ్చింది కాపలా వల్ల కాదు, చాలా ఏళ్ళ బేరసారాల వల్ల. 1946లో ఆస్ట్రియా తరఫున గ్రూబర్, ఇటలీ తరఫున దె గాస్పెరి చేసుకున్న ఒప్పందం కుదిరింది. దాన్ని అమలు చేయడం లేదని ఆస్ట్రియా 1960లో ఐక్యరాజ్యసమితికి వెళ్ళింది. 1961లో కరెంటు స్తంభాలు పేల్చేదాకా కోపం పెరిగింది. 1972లో రెండో స్వయంపాలక శాసనం వచ్చింది. 1992లో వివాదం ముగిసిందని రెండు దేశాలూ ప్రకటించాయి. గేటు ఎత్తింది ఆ తరువాతే. ఇప్పుడు అక్కడ వసూలైన పన్నుల్లో దాదాపు పదింట తొమ్మిది వంతులు ఆ ప్రాంతానికే తిరిగి వస్తాయి. పిల్లలు మాతృభాషలో చదువుతారు, రెండో భాషను పాఠంగా నేర్చుకుంటారు. లాడిన్ లోయల బడుల్లో ఇటాలియన్, జర్మన్ సరిసమానంగా నడుస్తాయి, లాడిన్ కూడా నేర్పుతారు. ప్రభుత్వోద్యోగానికి రెండు భాషల పరీక్ష నెగ్గాలి, పోస్టులను జనాభా లెక్కల్లో నమోదైన భాషా వర్గాల నిష్పత్తిలో పంచుతారు. 2011 లెక్కల ప్రకారం జర్మన్ వర్గం 69 శాతం, ఇటాలియన్ 26 శాతం, లాడిన్ నాలుగున్నర శాతం.

దీనికి చెల్లించే మూల్యం కూడా ఉంది. తల్లిది ఒక భాష, తండ్రిది మరో భాష అయిన ఇంట్లో పుట్టినవారు పెద్దయ్యాక ఏదో ఒక వర్గాన్ని ఎంచుకుని రాసి ఇవ్వాలి. వేర్వేరు బడుల్లో చదివిన పిల్లలు పక్కవీధిలోనే ఉన్నా ఒకరికొకరు తెలియకుండా పెరగవచ్చు. నేను దిగిన ఇంటి యజమానురాలు జర్మన్ బడిలో చదివారు, భర్త ఇటాలియన్ బడిలో చదివారు. వంటగది గోడకు వేలాడుతున్న క్యాలెండరులో పండుగలన్నీ రెండు చేతిరాతల్లో, రెండు భాషల్లో రాసి ఉన్నాయి. మీ పిల్లలు ఏ బడికి వెళతారని అడిగితే ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు, జవాబు చెప్పడానికి కొంతసేపు పట్టింది. పెద్దదాన్ని జర్మన్ బడిలో, చిన్నవాణ్ణి ఇటాలియన్ బడిలో వేశామన్నారు. కాపాడుకోవడానికి గీసిన గీత ఇంటి మధ్యలోంచి కూడా వెళుతుందని అప్పుడు అర్థమైంది. అయినా ఏది మేలని నన్ను అడిగితే, 1923 నాటి దానికంటే ఈ చిక్కునే కోరుకుంటాను.

పిరెనీస్ కొండల్లోని లాటూర్ ద కరోల్ స్టేషను చూడడానికి చేసిన ప్రయాణం దూరాభారమే, కానీ ఈ పాసుతో చేసిన వాటిలో మనసుకు హత్తుకున్నది అదే. అక్కడ మూడు రకాల పట్టాలు పక్కపక్కనే పరిచి ఉన్నాయి. స్పెయిన్ నుంచి వచ్చే రైలుకు 1,668 మిల్లీమీటర్ల గేజు, ఫ్రాన్సు రైలుకు 1,435, కొండల మీద పసుపు రంగు చిన్న బండికి మీటర్ గేజు. వెడల్పాటి పట్టాల పక్కన మీటర్ గేజు పట్టాలు బొమ్మరైలు దారిలా కనిపిస్తాయి. ఏ బండీ మరొకదాని దారిలోకి పోలేదు, మనుషులు మాత్రం సంచి భుజాన వేసుకుని ప్లాట్‌ఫారం దాటి మారిపోతారు.

ఆ చుట్టుపక్కల నేల పేరు సెర్దాన్యా. 1659 నాటి పిరెనీస్ ఒప్పందం దాన్ని రెండుగా చీల్చింది. మరుసటి ఏడాది జరిగిన పంపకంలో 33 గ్రామాలు ఫ్రాన్సుకు వెళ్ళాయి. ఒప్పందంలో గ్రామాలు అని రాశారు కాబట్టి, పట్టణ హోదా ఉన్న లివియా స్పెయిన్‌కే మిగిలిపోయి, ఈనాటికీ నాలుగు వైపులా ఫ్రాన్సు నడుమ ఒంటరిగా ఉంది. రెండు వైపులా అప్పట్లో మాట్లాడినది కాటలాన్. ఫ్రాన్సు వైపు 1700లో రాజశాసనం అధికార పత్రాల నుంచి దాన్ని తొలగించింది, తరువాతి బడులు మిగిలిన పని పూర్తిచేశాయి. ఆ వైపు ఐగతెబియా అనే ఊళ్ళో పాత బడి గోడ మీద ఫ్రెంచి మాట్లాడండి, శుభ్రంగా ఉండండి అన్న రాత ఉండేది. స్పెయిన్ వైపు కూడా ఫ్రాంకో పాలనలో కాటలాన్‌ను బడి నుంచీ ప్రభుత్వ కార్యాలయాల నుంచీ వెళ్ళగొట్టారు. తేడా ఏమిటంటే, అక్కడ 1979లో స్వయంపాలన తిరిగివచ్చాక, 1983 చట్టంతో ఆ భాష బడిలోకి తిరిగి వచ్చింది. ఫ్రాన్సు 1999లో ప్రాంతీయ భాషల యూరోపియన్ ఒప్పందం మీద సంతకం చేసి ఊరుకుంది, ఆమోదించలేదు.

ఫలితం ఒక్క పూటలో చెవికి తెలిసిపోతుంది. స్పెయిన్ వైపున్న పుచ్‌సెర్దాలో రొట్టెల దుకాణం దగ్గర బారులో నిలబడిన పిల్లలు కాటలాన్‌లో కబుర్లాడుకుంటున్నారు. నడిచి వెళ్ళగలిగే దూరంలో, ఫ్రాన్సు వైపు ఊళ్ళో, అదే వయసు పిల్లలు ఫ్రెంచిలో మాట్లాడుకుంటుంటే, బెంచీ మీద కూర్చున్న ఇద్దరు వృద్ధులు మాత్రమే కాటలాన్‌లో మాట్లాడుకుంటున్నారు. ఒకే కొండ, ఒకే తెరిచిన సరిహద్దు, ఇటు నిలిచినది అటు అడుగంటింది. అది అడుగంటింది గేటు ఎత్తాక కాదు, అంతకు రెండు మూడు వందల ఏళ్ళ ముందు నుంచీ. ఇప్పుడు తెరిచిన సరిహద్దు వల్ల అటువైపు వారికి కొంత మేలే జరుగుతోందని నా అభిప్రాయం. పుచ్‌సెర్దాలో 2014లో రెండు దేశాలవారికీ కలిపి ఒక ఆసుపత్రి తెరిచారు. అక్కడికి వచ్చే ఫ్రాన్సు వైపు వృద్ధులకు, తమ బాధను తమ చిన్ననాటి మాటలో చెప్పుకునే అవకాశం దొరికింది.

ఇక పాసు మంచిచెడ్డలు. నిదాన రైళ్ళలో తిరిగేవారికి ఇది నిజంగా గొప్ప సాధనం. జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్, బెల్జియం, లక్సెంబర్గ్‌లలో చాలా రైళ్ళకు రిజర్వేషన్ అక్కరలేదు. ఊరు నచ్చితే దిగిపోవచ్చు, తరువాతి బండి ఎక్కవచ్చు. ఒకే రోజులో ఎన్నిసార్లు దిగి ఎక్కినా లెక్క ఒక రోజే. నా వంటి పనికి ఇంతకంటే తగినది లేదు. ఫ్రాన్సు, ఇటలీ, స్పెయిన్‌ల వేగ రైళ్ళకూ, యూరోస్టార్‌కూ మాత్రం పాసు మీద అదనంగా డబ్బు కట్టి సీటు తీసుకోవాలి. పాసు ఉన్నవారికి కేటాయించే సీట్లు కొన్నే ఉంటాయి. ఒకసారి నేను ఎక్కవలసిన వేగ రైల్లో ఆ కోటా అయిపోయింది, మామూలు ధరకు సీట్లు ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి. కౌంటరులో ఉన్నవారు నిబంధన చదివి వినిపించి చేతులెత్తేశారు. నేను మూడు ప్రాంతీయ రైళ్ళు మారి, రాత్రి పదిన్నరకు ఊరు చేరాను. వేగ రైళ్ళమీదే ఆధారపడేవారు పాసు కొనకుండా, ముందుగా టికెట్లు తీసుకోవడమే నయం. అదీగాక, వేగ రైలు సరిహద్దును సొరంగంలోనో నిద్రలోనో దాటించేస్తుంది. పెద్ద స్టేషన్లలో ఏ దేశంలో దిగినా అవే దుకాణాల పేర్లు, అవే అద్దాల గోడలు. ప్రాంతాలన్నీ ఒకేలా అయిపోయాయని బాధపడేవారు బహుశా ఆ స్టేషన్ల మధ్యనే తిరిగి ఉంటారు.

మరొక అనుభవం కూడా దాచకుండా చెప్పాలి. ఒక సరిహద్దు దాటాక రైలు ఆగింది, ఇద్దరు పోలీసులు మా పెట్టెలోకి వచ్చారు. పెట్టెలో ముప్ఫై మందికి తక్కువ లేరు. వారు పాస్‌పోర్టు అడిగింది నన్నూ, తలకు రుమాలు కట్టుకున్న ఒక తల్లినీ మాత్రమే. మర్యాదగానే అడిగారు, చూసి ఇచ్చేశారు. కానీ ఆ కాసేపట్లో పెట్టెలోని మిగతావారు కిటికీల వైపు తిరిగిపోయిన తీరు నాకు గుర్తుండిపోయింది. తెరిచిన సరిహద్దు అందరికీ ఒకే కొలతలో తెరుచుకోదు. 2015 నుంచి అనేక దేశాలు తాత్కాలికమంటూ తనిఖీలు తిరిగి మొదలుపెట్టి పొడిగిస్తూ వస్తున్నాయి. జర్మనీ 2024 సెప్టెంబరు 16 నుంచి తన భూసరిహద్దులన్నిటా వాటిని పెట్టింది. పాసుతో వెళ్ళేవారు పాస్‌పోర్టును సూట్‌కేసు అడుగున కాక జేబులో ఉంచుకోవాలి, బండి మారడానికి అరగంటైనా వ్యవధి పెట్టుకోవాలి.

పదిహేనో రోజును, ఇటలీ సరిహద్దును ఆనుకుని స్లొవేనియాలో ఉన్న నోవా గొరీత్సాలో వాడుకున్నాను. 1906లో ఆస్ట్రియా రాజ్యం కట్టిన స్టేషను అది. 1947లో గీసిన గీత ఊరిని ఇటలీకీ, ఈ స్టేషనును అప్పట్లో స్లొవేనియా భాగంగా ఉన్న యుగోస్లావియాకూ పంచి, స్టేషను ముందున్న చౌకును మధ్యకు కోసేసింది. ఇటలీ వైపు గొరీజియా మిగిలింది, ఇటువైపు కొత్త ఊరు కట్టుకున్నారు. చౌకులోని కంచెను 2004లో తీసేశారు, 2007 డిసెంబరు 21న స్లొవేనియా షెంగెన్‌లో చేరింది. 2020లో కరోనా వచ్చినప్పుడు అదే చౌకులో మళ్ళీ కంచె వేశారు, కొన్ని నెలలకు తీశారు. 2023 అక్టోబరు నుంచి ఇటలీ ఈ సరిహద్దులో తనిఖీలు పెట్టింది. ఆ తనిఖీల నడుమనే, 2025లో రెండు ఊళ్ళూ కలిసి ఒకే యూరోపియన్ సాంస్కృతిక రాజధానిగా ఏడాదంతా కార్యక్రమాలు నడిపాయి.

కంచె ఉన్న చోట నేలలో ఒక గుండ్రటి పలక ఉంది. సాయంత్రం ఆరు ప్రాంతంలో స్టేషను మెట్ల మీద కూర్చుంటే, సైకిళ్ళ మీద పిల్లలు దాని చుట్టూ తిరుగుతూ ఒకరినొకరు స్లొవేనియన్‌లో పిలుచుకుంటున్నారు. వాళ్ళలో ఇద్దరు ఇటలీ వైపు ఇళ్ళకే వెళ్ళారు. గొరీజియాలో స్లొవేనియన్ బడులున్నాయి. 1920ల్లో మూతపడి, యుద్ధం తరువాత తిరిగి తెరుచుకున్న ఆ బడులకు 2001 నాటి ఇటలీ చట్టం గట్టి భరోసా ఇచ్చింది. మరునాడు పొద్దున్నే అదే స్టేషను నుంచి యెసెనిత్సే వైపు వెళ్ళే చిన్న రైలు పట్టుకున్నాను. పాసులో రోజులు అయిపోయాయి కాబట్టి టికెట్ కౌంటరులో డబ్బు కట్టి మామూలు టికెట్టే తీసుకున్నాను. బయలుదేరిన కాసేపటికే ఆ రైలు, ఒడ్డు నుంచి ఒడ్డుకు 85 మీటర్లు పరచుకున్న ఒకే రాతి కమాను మీద సోచా నదిని దాటుతుంది. ఆ మార్గంలో వెళ్ళేవారు మొదటి పది నిమిషాలు ఫోను పక్కన పెట్టి కిటికీ దగ్గర కూర్చోవాలి.